రోడ్లు, రైళ్లు, జాతీయ రవాణా విధానం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

రవాణా విధానం ఢిల్లీలో రాసుకునేది. దానికీ మా ఊరి రోడ్డుకీ ఏమిటి సంబంధం?

పలాస జీడిపప్పు, టెక్కలి గ్రానైటు లారీ ఎక్కాలా, వ్యాగన్ ఎక్కాలా అన్నది ఆ వ్యాపారి ఒక్కడే తేల్చుకునేది కాదు. డీజిలు మీద పన్ను ఎంత, టోలు ఎంత, రైల్వే సరుకు ఛార్జీ ఎంత, గూడ్సు షెడ్డు దాకా మంచి రోడ్డు ఉందా లేదా అన్నవి కలిసి ఆ నిర్ణయం చేస్తాయి. ఈ నాలుగూ ప్రభుత్వ విధానాలే. లారీలు పెరిగితే మీ ఊరి పక్క రోడ్డు నలుగుతుంది. దాన్ని బాగుచేసే డబ్బు జిల్లాకి ఎంత వస్తుందన్నదీ విధానమే.

రోడ్డుకి ఒక శాఖ, రైలుకి ఒక శాఖ ఉన్నాయి కదా. రెండింటినీ కలిపి చూడాల్సిన అవసరం ఏమిటి?

విడివిడిగా చూసినందువల్లే ఇక్కడిదాకా వచ్చాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకులో ఎనభై శాతానికి పైగా రైలు మీద నడిచేది. ఇప్పుడది నాలుగో వంతుకి కాస్త పైన ఉంది. 2030 నాటికి 45 శాతానికి తేవాలని జాతీయ రైలు ప్రణాళిక లక్ష్యం పెట్టింది. రాకేశ్ మోహన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రవాణా అభివృద్ధి విధాన కమిటీ 2014లో ఇచ్చిన నివేదిక కూడా అన్ని రకాల రవాణానూ ఒక్కచోట చూసే యంత్రాంగం కావాలని చెప్పింది. 2021 అక్టోబరులో మొదలైన గతిశక్తి పథకం వివిధ శాఖల పనులను ఒకే మ్యాపు మీదకి తెచ్చింది. అది మంచి అడుగు. అయితే మ్యాపు కలిసినంత మాత్రాన ఖర్చుల లెక్క కలవదు. ఒక టన్ను సరుకు లారీలో వెళితే రోడ్డుకి జరిగే నష్టం, ప్రమాదాలు, పొగ, రైలులో వెళితే అయ్యే ఖర్చు, ఇవన్నీ ఒకే కాగితం మీద వేసి చూసే దాకా విధానం సగమే.

బరువు ఎక్కడ నడవాలి, అక్కడ నడిచినందుకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నవే ఈ విషయంలో అసలు ప్రశ్నలు. కింది జవాబులన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

లారీలో రెండు, మూడు టన్నులు ఎక్కువ వేస్తే రోడ్డు నిజంగా అంత పాడవుతుందా?

అవుతుంది, అదీ మీరు ఊహించినదానికంటే చాలా ఎక్కువ. రోడ్డుకి తెలిసేది లారీ మొత్తం బరువు కాదు, ఒక్కో ఇరుసు కింద పడే బరువు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర పరీక్షా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి చూశారు. ఇరుసు బరువు పెరిగిన కొద్దీ నష్టం సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది, అంటే బరువు రెండింతలైతే నష్టం పదహారింతలు. మన ఇంజనీర్లు వాడే ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులది. 2018 జులై నుంచి నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకి అనుమతి 10.2 నుంచి 11.5 టన్నులకి పెంచారు. అంటే చట్టం ఒప్పుకున్న బరువుతో వెళ్లిన ఇరుసే ప్రామాణిక ఇరుసుకి దాదాపు 4 రెట్లు అరగదీస్తుంది. పాత పరిమితిలో అది రెండున్నర రెట్లకి లోపే ఉండేది. అదే ఇరుసు మీద 15 టన్నులు పడితే 11 రెట్లు దాటుతుంది. పదేళ్లకని వేసిన రోడ్డు మూడేళ్లకే అరిగిపోయిందంటే కాంట్రాక్టరు తప్పే అయి ఉండనక్కర్లేదు. ఏ బరువుకి డిజైన్ చేశారు, ఏ బరువు నడుస్తోంది అన్నది ముందు చూడాలి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకి 2,000. ఎక్కువైన సరుకు దించాకే బండి కదలాలని కూడా చట్టంలోనే ఉంది. అమలులో జారిపోయేది ఈ రెండోదే. దించిన సరుకు పెట్టడానికి చోటు, కూలీలు, రెండో లారీ ఏవీ ఉండవు. దాంతో జరిమానా కట్టించుకుని అదే బరువుతో పంపేస్తారు. జరిమానా కిరాయిలో ఒక ఖర్చుగా కలిసిపోతుంది, రోడ్డు మాత్రం నలుగుతూనే ఉంటుంది.

సాలూరు లాంటి లారీల ఊళ్లో బతుకుతెరువు ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. అది న్యాయమైన ప్రశ్న. ఓవర్‌లోడు వల్ల ఒకటి రెండు లారీలున్న యజమాని బాగుపడడు. అందరూ ఎక్కువ వేస్తే కిరాయి రేటు పడిపోతుంది. ఘాటు రోడ్డులో బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు అరిగే ఖర్చు మాత్రం అతనిదే. అందుకే తూకం లారీ నడిచేచోట కంటే సరుకు ఎక్కేచోట ఉండాలి. క్వారీ, మిల్లు, పోర్టు గేటు దగ్గర కాటా పెట్టి, ఎక్కువ వేసి పంపినవాడిని బాధ్యుణ్ణి చేస్తే డ్రైవరు నలగడు.

కొత్తగా వేసిన తారు రోడ్డు రెండు వానాకాలాలు కూడా ఎందుకు ఆగదు?

బరువు తరువాత రెండో శత్రువు నీరు. తారుకీ కంకరకీ మధ్య పట్టు నీటితో వదులుతుంది. అడుగున మట్టి నానితే పైన ఎంత మంచి తారు వేసినా కుంగుతుంది. మన జిల్లాల్లో వరి పొలాల మధ్య నుంచి వెళ్లే రోడ్లకి రెండు వైపులా నెలల తరబడి నీరు నిలబడుతుంది. రోడ్డు ఎత్తు పెంచకుండా, పక్క కాలువ తీయకుండా పైపొర మీద పొర వేసుకుంటూ పోతే ఆ డబ్బు గెడ్డలో పోసినట్టే.

పని జరిగేటప్పుడు ఊరివాళ్లు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉండాలి. గ్రామీణ తారు రోడ్డుకి వాలు నూటికి 3 దాకా ఉంటుంది. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డులో మధ్యభాగం అంచుకంటే 5 నుంచి 6 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలన్నమాట. మధ్య నుంచి అంచు దాకా దారం మట్టంగా పట్టి, అంచు దగ్గర స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది. పక్కనున్న మట్టి బెర్ము తారు కంటే ఎత్తుగా ఉండకూడదు. ఉంటే నీరు రోడ్డు మీదే నిలబడి అంచులు కొరికేస్తుంది. గడ్డి, మట్టి పేరుకుని బెర్ము ఎత్తెక్కడం వల్ల పాడయ్యే రోడ్లు చాలా ఎక్కువ. ఏడాదికి ఒకసారి గునపం, పారలతో చెక్కించే పని అది, యంత్రాలు అక్కర్లేదు.

తారు మిశ్రమం పరిచేటప్పుడు 140 డిగ్రీల వేడికి తగ్గకూడదు. 90 డిగ్రీలకి దిగేలోపు రోలరు పని ముగియాలి. ప్లాంటు దూరమై, టార్పాలిన్ కప్పకుండా తెచ్చిన మిశ్రమం దారిలోనే చల్లారుతుంది. అలాంటిది ఎంత తొక్కినా గట్టిపడదు, తొలి వానకే కంకర లేస్తుంది. మిశ్రమం దించేచోట థర్మామీటరు ఉందా అని అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఊరి లోపలి భాగంలో తారు వద్దు. ఇళ్ల వాడుకనీరు, కుళాయి నీరు రోజూ పడేచోట సిమెంటు కాంక్రీటే నిలబడుతుంది, అదీ పక్కన కాలువ ఉంటేనే.

తుఫాను వచ్చినప్పుడల్లా గండి పడేది ఒకేచోట. ఎందుకలా?

నీరు దాటడానికి ఇచ్చిన దారి చాలదు కాబట్టి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుఫాన్లు వచ్చిపోయాక చాలాచోట్ల తెగిన రోడ్డుని మళ్లీ అదే తూముతో కట్టేశారు. 600 మిల్లీమీటర్ల గొట్టంలో కొమ్మా రెమ్మా అడ్డుపడితే లోపలికి దూరి తీయడం కుదరదు. 1000 మిల్లీమీటర్లదైతే మనిషి దిగి శుభ్రం చేయగలడు. వంశధార, నాగావళి ముంపు ప్రాంతాల్లో రోడ్డు పునాది మట్టి అడుగు భాగం తెలిసిన గరిష్ఠ వరద మట్టానికి కనీసం 60 సెంటీమీటర్లు పైన ఉండాలి. అంత ఎత్తు లేపడం కుదరనిచోట నీరు పైనుంచి దాటిపోయేలా కాంక్రీటు చప్టా కట్టడం మేలు. రాకపోకలు ఒకరోజు ఆగుతాయి, కానీ రోడ్డు మిగులుతుంది. తుఫాను మరమ్మతు నిధుల నిబంధనల్లో "మునుపటిలాగే కట్టాలి" అన్న మాట ఉన్నంతకాలం ఇంజనీరు చేతులు కట్టేసినట్టే. జాతీయ స్థాయిలో మార్చాల్సిన చిన్న మాట అది.

నిర్వహణకి డబ్బు లేదంటారు. ఇతర దేశాలు ఏం చేస్తున్నాయి?

ఘనా 1997లో, కెన్యా 1990లలోనే ఇంధనం మీద లీటరుకి ఇంతని వసూలు చేసి, దాన్ని రోడ్ల నిర్వహణకే కేటాయించే నిధులు పెట్టుకున్నాయి. ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కడతాడు, ఆ డబ్బు రోడ్డుకే వస్తుంది. ఆలోచన మంచిదే, కానీ కష్టం వచ్చిన ప్రతిసారీ ఆర్థిక శాఖ చేయి దాని మీదే పడుతుంది. ఘనాలో 2017లో ఇలాంటి ప్రత్యేక నిధులకి పరిమితి పెడుతూ చట్టమే చేశారు. కాబట్టి నిధి ఉంటే చాలదు. దాని బోర్డులో రోడ్డు వాడేవాళ్లు కూర్చోవాలి, లెక్కలు ఏటా బయటపెట్టాలి.

మన దగ్గర పెట్రోలు, డీజిలు సెస్సుతో నడిచే కేంద్ర రోడ్డు, మౌలిక సదుపాయాల నిధి 2000 నాటి చట్టంతో ఉంది. అది ప్రధానంగా నిర్మాణం వైపే చూస్తుంది. నిర్వహణ విషయంలో మనకున్న మంచి నమూనా ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు దాన్ని చూసుకోవాలని అదే ఒప్పందంలో రాస్తారు. ఆరో ఏట ఏమవుతుందన్నదే చిక్కు. అప్పటి నుంచి భారం రాష్ట్రానిది, అక్కడే రోడ్డు అనాథ అవుతుంది. కొత్త రోడ్డు మంజూరు చేసేటప్పుడే ఆరో ఏటి నుంచి నిర్వహణ ఖర్చు ఏ పద్దులో వస్తుందో చూపించకపోతే మంజూరు ఇవ్వకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

ఇంటి ముందే రైలు పట్టాలున్నా మిల్లర్లు లారీలే ఎందుకు వాడతారు?

రైల్వే అమ్మేది వ్యాగన్ కాదు, రేకు, అంటే వ్యాగన్లన్నీ కలిసిన మొత్తం బండి. కప్పున్న వ్యాగన్ల పూర్తి రేకు పాత రకంలో 42 వ్యాగన్లు, కొత్త రకంలో 58. కొత్త రకం నిండితే సుమారు 3,900 టన్నులు. అంటే పది టైర్ల లారీలు 200 పైచిలుకు. ఎఫ్‌సీఐ బియ్యానికి అది సరిపోతుంది. కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా వచ్చే ఇనుప ఖనిజానికి ఇంకా బాగా సరిపోతుంది, ఒకచోట ఎక్కి ఒకచోట దిగుతుంది కాబట్టి. పలాస జీడిపప్పు వ్యాపారికి మాత్రం ఈ వారం పది టన్నులు ఢిల్లీకి, ఐదు టన్నులు సూరత్‌కి పంపాలి. అతనికి రేకుతో పనేముంది?

రెండోది దూరం. ఎక్కించడం, దించడం రెండేసి సార్లు జరుగుతుంది కనుక 300 కిలోమీటర్ల లోపు రైలు గెలవడం కష్టం. విజయనగరం నుంచి విశాఖకి సరుకు రైలెక్కాలని ఎవరూ అడగకూడదు. మూడోది నమ్మకం. లారీ ఎల్లుండి చేరుతుందని చెప్పగలం, గూడ్సు బండి ఎప్పుడు చేరుతుందో చెప్పలేం.

విధానం చేయగలిగిందేమిటంటే, చిన్న వ్యాపారుల సరుకుని ఒకచోట చేర్చి కంటైనర్లలో నింపే యార్డులు పెట్టడం, వారంలో ఫలానా రోజు ఫలానా గంటకి కదిలే సరుకు రైళ్లు నడపడం. గూడ్సు షెడ్డులో గచ్చు, పైకప్పు, రాత్రిపూట దీపాలు, లారీ తిరిగే చోటు ఉండాలి. చిన్నవిగా కనిపించినా వానలో బస్తా తడిస్తే ఆ వ్యాపారి మళ్లీ రైలు వైపు చూడడు.

మూడో లైను పడితే ప్యాసింజరు బండ్లు టైముకి వస్తాయా?

కొంత మెరుగుపడుతుంది. విజయనగరం–టిట్లాగఢ్ మధ్య సుమారు 265 కిలోమీటర్ల మూడో లైను 2015–16లో మంజూరైంది. ఖుర్దా రోడ్–విజయనగరం మూడో లైనుకి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇబ్బంది లైన్ల సంఖ్యలోనే లేదు. ఒకే పట్టా మీద ప్రతి స్టేషనులో ఆగే ప్యాసింజరు, బరువుగా కదిలే గూడ్సు, వేగంగా దూసుకొచ్చే ఎక్స్‌ప్రెస్ నడుస్తాయి. వేగాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఆ లైను మీద పట్టే బండ్లు అంత తగ్గుతాయి. వేగపు బండి ఒకటి వేయాలంటే ముందున్న ప్యాసింజర్ని స్టేషనులోని పక్క లైను (లూపు)లో పెట్టాలి. పొందూరులోనో చీపురుపల్లిలోనో అరగంట ఆగేది అందుకే. మూడో లైను వచ్చాక దాన్ని గూడ్సుకి వదిలి, దొరికిన వెసులుబాటు లోకల్ ప్రయాణికుడికి ఇస్తారా, మరో ప్రీమియం బండికి ఇస్తారా అన్నది విధాన నిర్ణయం. మన ఎంపీలు అడగాల్సింది అది.

రైలు ప్రమాదాలు ఇక్కడ మళ్లీ మళ్లీ జరిగాయి. బండ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థ వస్తే ఆగుతాయా?

2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 40 మందికి పైగా చనిపోయారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి–అలమండ మధ్య పలాస ప్యాసింజరుని వెనుక నుంచి రాయగడ ప్యాసింజరు ఢీకొట్టి 14 మంది పోయారు. రెండూ వేరు వేరు రకాలు. సిగ్నలు దాటి వెళ్లి ముందు బండిని గుద్దే రకాన్ని కవచ్ ఆపగలదు. పట్టాల మీది ట్యాగులు, రేడియో టవర్లు, ఇంజనులోని పరికరం కలిసి డ్రైవరు ఆపకపోతే బ్రేకు తామే వేస్తాయి. పట్టాల వైపు కిలోమీటరుకి సుమారు 50 లక్షలు, ఇంజనుకి సుమారు 80 లక్షలు ఖర్చని రైల్వే చెబుతోంది. పట్టా విరిగి బండి పడిపోవడాన్ని మాత్రం కవచ్ ఆపలేదు. దానికి పాత పట్టాలు సమయానికి మార్చాలి, గ్యాంగుమన్ పోస్టులు నింపాలి, తనిఖీకి లైను ఖాళీగా ఇవ్వాలి. బండ్లు కిక్కిరిసిన లైనులో ఆ రెండు మూడు గంటలు దొరకడమే కష్టం, కాబట్టి టైంటేబుల్లోనే వాటిని రాసిపెట్టాలి.

మూలపేటలో పోర్టు వస్తోంది. రైలు లైను ఒకటి వేస్తే సరిపోతుందా?

కెన్యాని చూడండి. మొంబాసా రేవు నుంచి నైరోబీకి కొత్త రైలు మార్గం 2017 మే 31న మొదలైంది, ఖర్చులో ఎక్కువ భాగం చైనా అప్పు. లైను నిండడానికి సరుకంతా రైలులోనే పోవాలని ప్రభుత్వం ఆదేశించింది. నైరోబీ డిపో నుంచి గోదాముకి మళ్లీ లారీ కిరాయి పడేసరికి వ్యాపారులకి భారం పెరిగింది, రేవులో లారీల మీద బతికేవాళ్లు రోడ్డెక్కారు. 2022లో కొత్త ప్రభుత్వం ఆ ఆదేశాన్ని ఎత్తేసింది. రైలు మంచిదే, కానీ మొదటి మైలూ చివరి మైలూ లెక్కలో లేకపోతే బలవంతం చేయాల్సి వస్తుంది. మూలపేటకి ఏ సరుకు, ఎక్కడి నుంచి, ఎన్ని టన్నులు వస్తుందో ముందు తేల్చి, ఆ సరుకు పుట్టేచోట సైడింగు (సరుకు ఎక్కించే పక్క పట్టా) ఉందో లేదో చూశాకే లైను సైజు నిర్ణయించాలి.

కొండ మీది గూడేలకి రోడ్డు ఎందుకు పడదు? డోలీ మోతలు ఎన్నాళ్లు?

మొదటి అడ్డు జనాభా లెక్క. 2024లో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగో దశలో మైదానంలో 500, ఏజెన్సీలో 250 జనాభా ఉన్న ఆవాసాలకి, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో 100 ఉన్నవాటికి అర్హత ఉంది. అదీ 2011 జనగణన ప్రకారం. సవర, గదబ వంటి ఆదిమ తెగల ఆవాసాలకి కేంద్రం వాళ్ల కోసం పెట్టిన జన్‌మన్ పథకం కింద 100 ఉన్నా చాలు. కొండ మీద కాలిబాటన 1.5 కిలోమీటర్ల లోపు ఉన్న గూడేల జనాభాని కలిపి లెక్కించవచ్చని మార్గదర్శకాల్లో ఉంది. విడివిడిగా 90, 80, 100 ఉన్న మూడు గూడేలు కలిస్తే 270. ప్రతిపాదన పంపేటప్పుడు ఈ క్లస్టరు లెక్క వేశారా అని తప్పకుండా అడగండి.

రెండో అడ్డు అటవీ అనుమతి. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) ప్రకారం ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా అయితే గ్రామసభ సిఫారసుతో డివిజనల్ అటవీ అధికారి స్థాయిలోనే అనుమతి దొరుకుతుంది. ఆరు మీటర్ల వెడల్పుకి హెక్టారు అంటే సుమారు 1.6 కిలోమీటర్లు. వెడల్పు నాలుగు మీటర్లకి తగ్గిస్తే 2.5 కిలోమీటర్లు. అంబులెన్సు వెళ్లడానికి నాలుగు మీటర్లు చాలు, ఎదురు బండ్లకి అక్కడక్కడా తప్పుకునే చోటు ఇస్తే సరి.

ఊరికి 2 కిలోమీటర్లలో అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు ఉండాలన్నది అంతర్జాతీయ కొలమానం. కొండల్లో మ్యాపు మీది 2 కిలోమీటర్లు నడకకి ఆరు అవుతాయి. కొలత దారి వెంట ఉండాలి, గాలిలో కాదు.

హైవే మీద ఇన్ని చావులు ఎందుకు? హెల్మెట్ పెట్టుకోకపోవడమేనా?

అదొక కారణం. వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేసి గట్టిగా అమలు చేస్తే, నగరాల్లో వాడకం కొద్దికాలంలోనే తొంభై శాతం దాటింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వాళ్లే.

కానీ 16వ నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట వైపు చూస్తే రోడ్డు రూపంలోనే లోపం కనిపిస్తుంది. ఊరు ఒకవైపు, పొలం ఇంకోవైపు. యూటర్ను దూరం. రైతు ఎదురుదారిలో వస్తాడు, లేదా డివైడరు మీదుగా దాటుతాడు. అతన్ని తిట్టి లాభం లేదు. ఎడ్లబండి, ట్రాక్టరు పట్టే అండర్‌పాసు, ఊరి పొడవునా సర్వీసు రోడ్డు, బస్టాపు దగ్గర దీపాలు కావాలి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోడ్డు డిజైను లోపానికి లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 198ఏ 2019 నుంచి మోటారు వాహనాల చట్టంలో ఉంది, ప్రమాద విచారణలో దాన్ని అడగండి.

గాయపడినవాళ్లకి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఇచ్చే పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. ఆసుపత్రిలో ఆ మాట ముందే చెప్పండి.

రైల్వే గేటు దగ్గర వంతెన ఎప్పుడు వస్తుంది?

గేటు మీదుగా రోజుకి వెళ్లే రైళ్ల సంఖ్యని వాహనాల సంఖ్యతో గుణిస్తే వచ్చేది లక్ష దాటితే, రైల్వే, రాష్ట్రం సగం సగం భరించే పద్ధతిలో వంతెనకి అర్హత వస్తుంది. ఆలస్యమయ్యేది సాధారణంగా పట్టాల మీది భాగం కాదు, రెండు వైపులా దిగే దారికి భూమి.

రోడ్డుకో రైలుకో మా భూమి తీసుకుంటామని నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

గడువులు చూసుకోండి. జాతీయ రహదారికైతే జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3ఏ ప్రకటన వెలువడిన 21 రోజుల్లో, రైల్వే ప్రత్యేక ప్రాజెక్టుకైతే రైల్వే చట్టం సెక్షన్ 20ఏ ప్రకటన వెలువడిన 30 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి రకం, బోరు, కొబ్బరి చెట్లు, జీడితోట సరిగ్గా నమోదయ్యాయా అన్నది ఆ అభ్యంతరంలోనే రాయండి. ఉద్దానంలో చెట్ల లెక్క తప్పితే నష్టపరిహారం అక్కడే పోతుంది. హైవే పరిహారం చాలలేదనిపిస్తే 3జీ(5) కింద ఆర్బిట్రేటర్ని ఆశ్రయించవచ్చు.

పాడైన రోడ్డు గురించి ఎవరిని అడగాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో కిలోమీటరు రాయి చెబుతుంది. తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే సడక్ యోజన రోడ్డు. జాతీయ రహదారికి 1033, రైల్వేకి 139, సడక్ యోజనకి మేరీ సడక్ యాప్. మిగతావాటికి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ.

అర్జీతో పాటు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజుల గడువు. "రోడ్డు ఎందుకు పాడైంది" అని అడిగితే ఏమీ రాదు. ఒప్పందం నకలు, ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, నాణ్యతా పరీక్షల నివేదికలు, లోపాల బాధ్యత ముగిసే తేదీ అడగండి. ఆ తేదీ ఇంకా రాకపోతే మరమ్మతు కాంట్రాక్టరు సొంత ఖర్చుతో చేయాలి. తేదీకి మూడు నెలల ముందే, గోతుల ఫొటోలు కిలోమీటరు సంఖ్యతో సహా జతచేసి ఇంజనీరుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.